తొమ్మిదో నంబరు ఉతుకు

నేను మ్యాచ్ చూడను.
ఆదివారం రాత్రి మూట విప్పితే
మ్యాచ్ అంతా దానంతటదే బయటపడుతుంది.

మోంతెవిదియోలో, కొండవాలున,
మూతబడ్డ మాంసం ఫ్యాక్టరీ వెనక
మా క్లబ్బు ఉతుకుగది.
కిటికీలోంచి నది కనిపిస్తుంది. దానిదీ మరకరంగే,
ఎన్ని వానలు జాడించినా తెలుపెక్కదు.

గోల్‌కీపర్ మోచేతుల దగ్గర చిరుగుతాడు.
డిఫెండర్లు పక్కవాళ్ల నెత్తురు మోసుకొస్తారు.
కెప్టెన్ కాలరు కొరుకుతాడు, ఎవరితో అనకండి.
తొమ్మిదో నంబరు
ఎల్బియో తెచేరాది.

పదిహేడేళ్లప్పుడు వచ్చాడు.
చొక్కా వాడు తొడుక్కున్నట్టుండేది కాదు,
వాడి మీద ఎవరో ఆరేసినట్టుండేది.
మొదటి గోలు కొట్టిన రోజు
ఎడమ తుంటి మీద పచ్చిగడ్డి మరక, అరచేయంత.
నిమ్మరసం, ఎండ, మళ్లీ నిమ్మరసం.
ఊహూఁ.
గుమ్మంలో నిలబడి నవ్వాడు:
"ఉండనీ, దోన్యా ఇర్మా."
ఉండనిస్తే నా జీతం ఉండదురా అన్నాను.

ఆ రెండేళ్లూ నా గోళ్లు పచ్చగానే ఉన్నాయి.
ఎన్ని గోల్స్ అన్నది పేపరు వాళ్ల లెక్క.
నాది సబ్బు లెక్క:
సీజనుకి రెండు పెట్టెలు ఎక్కువ.

ఒక గురువారం గ్రీసు నుంచి
తెల్లబూట్లాయన ఒకడు వచ్చి కొనుక్కుపోయాడు వాణ్ని.
ఆ డబ్బుతో స్టాండుకి రేకుల కప్పు పడింది,
నాకు కొత్త మెషీను వచ్చింది.
దాని తలుపు మీద ఎవరో మేకుతో వాడి పేరు గీకారు.
పద్నాలుగేళ్లు తిరిగింది మెషీను.
వాడూ తిరిగాడు. గ్రీసు, మెహికో, సైప్రస్,
తర్వాత నా నోరు తిరగని ఇంకేదో ఊరు.
మోకాలు ఒకసారి కోశారట, మళ్లీ కోశారట,
పెళ్లాం వేరే ఉంటోందట,
అన్నీ రొట్టెల కొట్టు దగ్గరే తెలిసేవి.
అక్కడ వాడి చొక్కాలు ఎవరు ఉతికారో
ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముప్పై నాలుగో ఏట తిరిగొచ్చాడు.
డ్రమ్ములు కొట్టారు, గోడ మీద బొమ్మేశారు,
బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆ ఏడు మూటలో తొమ్మిదో నంబరు
మడత నలక్కుండా వచ్చేది.
వాసన చూశాను.
నొప్పుల మందు ఘాటు, అంతే. చెమట లేదు.
శుభ్రమైన చొక్కాలో ఏం ఉతకను?
అయినా నీళ్లలో ముంచేదాన్ని.
మిగతా పదింటితో పాటు అదీ
తాడు మీద తడిగా ఊగాలి కదా,
దారిన పోయే వాళ్లు చూస్తారు.

ఆఖరి ఆదివారం వాన.
మూట విప్పితే అన్నిటికన్నా అడుగున తొమ్మిది.
ఛాతీకి అడ్డంగా సున్నపు చార,
స్కేలు పెట్టి గీసినట్టు.
దాని కిందా మీదా బురద.

సామాన్లు మోసే నెస్తోర్ చెప్పాడు:
ఎనభై ఎనిమిదో నిమిషంలో దింపారట.
ఒక్కటంటే ఒక్క బంతి వచ్చిందట.
పరిగెత్తాడట, పరుగంటే పరుగు కాదు,
కాళ్లకు ఏదో గుర్తొచ్చినట్టు.
జారాడు.
బంతి గోలు గీత మీదే బురదలో దిగబడిపోయింది.
మనిషి దాటాడు.
వల అదిరింది, వాడే తగిలి.
సగం స్టేడియం గోలనుకుని లేచి అరిచిందట.
మిగతా సగం వీళ్లను చూసి లేచిందట.
వాడు మాత్రం వల పట్టుకుని
కాసేపు లేవలేదట.

సోమవారం పొద్దున మాతే గ్లాసు పక్కన పెట్టుకుని
చొక్కా ఒళ్లో వేసుకుని కూర్చున్నాను.
మాతే చల్లారింది.
ప్రెసిడెంటు కబురంపాడు:
మధ్యాహ్నానికి తొమ్మిది కావాలి,
సాల్తో నుంచి కొత్త కుర్రాడు దిగుతున్నాడు, ఫోటో ఉంది.

పచ్చిగడ్డి మరకైతే
నిమ్మకాయలు కోసేదాన్ని,
ఎండకోసం చూసేదాన్ని,
ఓడిపోయేదాన్ని.

ఇది సున్నం.
రెండు నీళ్లకే పోయింది.