కొలతల పుస్తకం

బీరువా మీద పెట్టినా తడిసింది.
ఇరవై రెండేళ్ళ కొలతలు.
సింగ్‌నగర్‌లో మా వీధి ఆడవాళ్ళందరి
భుజాలూ నడుములూ చేతుల పొడవులూ
నీలి సిరాగా కరిగి
బుడమేరులో పోయాయి.
ఎండబెడితే పేజీలు అప్పడాల్లా లేచాయి.
ఒక్క అంకె మిగిలింది, పద్నాలుగున్నర.
ఎవరి భుజమో.

మెషిన్ బతికింది.
కిరసనాయిలు పోసి, తుప్పు గీకి, బెల్టు మార్చి
రజాక్ మేస్త్రీ అన్నాడు:
"నీళ్ళు తాగింది కదమ్మా, కొన్నాళ్ళు మూలిగిద్ది.
తొక్కటం మాత్రం ఆపమాక."

కబురు పెట్టాను, మళ్ళీ కొలతలివ్వండని.

ముందు నాగేంద్రమ్మ వదిన వచ్చింది.
నడుం చుట్టూ టేపు తిప్పితే
నిరుటి జాకెట్టుకన్నా రెండంగుళాలు తక్కువ.
"అన్నం తినట్లేదా?" అన్నాను, అంతే.
డాబా మీద మూడు రాత్రులు
ఎవరి బిడ్డో తెలీని చంటిదానికి
చెంచాతో పంచదార నీళ్ళు పోసిన సంగతి మొదలుపెట్టింది.
పడవలో ఎక్కించాక
ఆ పిల్ల ఎటుపోయిందో, ఏమయిందో.
చెప్పినంతసేపూ
టేపు వదల్లేదు నేను.

హజరాబీని చేతులు ఎత్తమంటే ఎత్తదు.
హెలికాప్టర్‌కి ఊపీ ఊపీ
అది పక్క వీధి మీదకి వెళ్ళిపోయిందట.
ఇప్పుడు చెయ్యి పైకి లేస్తే
చెవుల్లో ఆ రెక్కల మోత.
దించిన చేతులకే కొలత తీశాను.
చంక దగ్గర బిగిస్తే
విప్పి మళ్ళీ కుడతాను, ఏం పోయింది.

విమలా టీచరు మూడుసార్లొచ్చింది
ఒకే జాకెట్టుకి.
మూడోసారి నేనేం అడగలేదు.
టేపు తీసి నిలబడ్డాను.

మరి నా సంగతి?
బకెట్ సగం నిండితే చాలు, కుళాయి కట్టేస్తాను.
ఆధార్ కార్డు పాలిథిన్ కవర్లో, కవరు దిండు కింద,
చెప్పులు మంచం మీదే.
మా ఆయన రెండు పూతలు సున్నం కొట్టినా
గోడ మీద గీత తేలుతూనే ఉంది,
పాత అప్పు అడగడానికొచ్చిన మనిషిలా.

ఆరోగ్య కేంద్రంలో ఒకమ్మాయి, చేతిలో ఫైలు:
"ఒకటి నుంచి పదిలో మీ భయం ఎంతమ్మా?"
నాకు పదుల్లో తెలీదు.
ఎండ కాస్తుంటే మోకాళ్ళ దాకా అన్నాను.
మబ్బు పడితే గొంతు దాకా.
ఆ పిల్ల పెన్ను ఆపి నా వంక చూసింది.
తర్వాత అలాగే రాసుకుంది, నేనన్న మాటలే.

రాత్రికొక బిళ్ళ ఇచ్చారు.
సిగ్గేసి బాబిన్ల డబ్బాలో దాచాను.
దారం కోసం చెయ్యి పెట్టి నాగేంద్రమ్మ పట్టేసింది.
"ఓసి దీనికా! నాకూ ఇదే రాశార్లే.
నాది పోపుల పెట్టెలో ఉంది."
ఆ ఊపులోనే టేపు లాక్కుంది.
"అందరికీ కొలుస్తావు, నీకెవరు కొలుస్తారే సలోమీ?
నిలబడు."
నా ఛాతీ చుట్టూ చుట్టి, టేపు తిరగేసి పట్టుకుని
సెంటీమీటర్ల వైపు చదివింది:
"తొంభై ఒకటి!"
వీధి చివరి దాకా వినపడేలా.

ఎన్ని నెలలయిందో నవ్వి.
పక్కటెముకలు నొప్పెట్టాయి,
వాడకుండా ఉంచిన మెషిన్ లాగే.

కొత్త పుస్తకం కొన్నాను.
మొదటి పేజీలో మనిషి పేరు రాయలేదు.
గోడ దగ్గర టేపు నిలబెట్టి,
నేల నుంచి గీత దాకా కొలిచి రాశాను:
బుడమేరు, యాభై ఒక్క అంగుళాలు.
దానికీ ఒక కొలత ఉంది.
నా భుజం దాకా వచ్చింది, అంతకు మించి రాలేదు.
పగలు ఈ మాట నమ్ముతాను.

పద్నాలుగున్నర ఇంకా ఎవరికీ సరిపోలేదు.
కొందరు నున్న వైపు అద్దెలకి పోయారు.
ఒకావిడ గురించి మేమెవరం మాట్లాడం.
ఆ పేజీ మడిచి
మెషిన్ సొరుగులో ఉంచాను.

నిన్న సాయంత్రం జల్లు పడింది.
హజరాబీ జాకెట్టు చేతి కుట్టు సగంలో ఉంది.
పాదం ఆగింది.
ఇదివరకైతే ఈపాటికి డాబా మెట్లెక్కేదాన్ని.
కుట్టు చివరిదాకా తొక్కాను,
దారం కొరికాను,
అప్పుడు లేచి, తలుపు తీసి, కాలవ చూశాను.
చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునే చూశాను.
కాలవ కాలవలాగే ఉంది.

రెండో చెయ్యి మిగిలింది.
వచ్చి కూర్చున్నాను.