మూడొంతులు

టెండరు నలభై ఏడో పేజీలో రాసుంది:
తాత్కాలిక అడ్డుగోడలు, ఎరుపొకటి తెలుపొకటి,
ఒకదాని కొక్కెం ఇంకొకదాని కంటిలో పడాలి,
మధ్యన సందు ఉండరాదు,
ప్రతిదాంట్లో మూడొంతులు నీళ్లు నింపవలెను.
రాత్రికి మెరిసే పట్టీ, వంద అడుగులకొక ఎర్రదీపం.
ఖర్చు గుత్తేదారుదే. విడిగా బిల్లు లేదు.

నింపవలెను.
ఆ మాట రాసినాయన
తాడిపత్రి దాటి ముచ్చుకోట కొండ ఎక్కే దారిని
మే నెలలో చూసినట్టు లేడు.

నేను చూశాను.
పదకొండు నెలలుగా నా ఉద్యోగమే అది.
పొద్దున్నే నలభై డబ్బాల మూతలు విప్పి
వెదురుపుల్ల ముంచి
తడి ఎంతదాకా వచ్చిందో రిజిస్టరులో ఎక్కించడం.
బావి మీది డీజిల్ ఇంజను ట్యాంకులో
మా నాయన ఇట్లే పుల్ల ముంచేవాడు,
ఇంజను అమ్మేదాకా.

గాలి తప్ప ఏమీ లేని డబ్బా ఏం చేస్తుందో కూడా చూశాను.
నాపరాళ్ల లారీ పక్కనుంచి పోతే చాలు,
ఆ ఊపుకే లేచి
తప్పతాగినోని మాదిరి రోడ్డు మధ్యకు నడిచిపోతుంది.
దాని వెనక గోతిలో మద్దిలేటి
కంకర సర్దుతుంటాడు, నడుం వంచి,
వీపు లారీలవైపు పెట్టి.
ప్లాస్టిక్కును నమ్ముకుని కాదు,
లోపలి నీళ్లను నమ్ముకుని.

ట్యాంకరు ఎనిమిదొందలు.
గుత్తేదారు ఫోనులో అంటాడు:
"సగం పోసి మూడొంతులని రాయి సామీ,
లోపలికి తొంగిచూసేదెవరు?"

ఒకరు చూస్తున్నారని ఆలస్యంగా తెలిసింది.
ఇరవై మూడు నుంచి ఇరవై ఆరు దాకా
రోజూ జానెడు తగ్గుతున్నాయి.
ఎండకనుకున్నాను. పగులనుకుని ఎంసీల్ పూశాను.
ఒక రాత్రి టార్చి ఆర్పేసి రోలరు వెనక కూర్చున్నాను.

నాలుగు గంటలకు వచ్చింది దస్తగిరమ్మ.
పదమూడు మేకలు, ఒక బక్కెట్టు, మూరెడు రబ్బరు పైపు.
పైపు నోట పెట్టి పీల్చి, ఉమ్మి,
ధారను బక్కెట్లోకి వదిలింది.
నన్ను చూసి బెదరలేదు.
"కార్లు గుద్దుకునేదానికి నీళ్లు పెడతారంటనే,
తాగేదానికి పెట్టరా?" అనింది.
వాళ్లూరికి ట్యాంకరు వారానికొకటి,
తలల లెక్కన.
మేకల తలలు ఆ లెక్కలోకి రావు.

నా దగ్గర జవాబు లేదు. పేజీ నంబరుంది.
వేలెత్తి మద్దిలేటిని చూపించాను.
గోతి గట్టున గోనెపట్టా మీద నిద్రపోతున్నాడు,
సరిగ్గా ఇరవై నాలుగు వెనకాల.
ఆమె చానాసేపు చూసింది.
బక్కెట్టెత్తి నీళ్లు తిరిగి పోయబోయింది.
మేకలు అడ్డం దూరినాయి.
పోనీలే అన్నాను.

తెల్లారినాక అన్నింటినీ గీతదాకా నింపించాను,
నిజం గీతదాకా.
గుత్తేదారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ శనివారమే, ఒక సిమెంటు బల్కరు
నిద్రమత్తులో పక్కకు ఒరిగి
ఇరవై నాలుగును తగిలింది.
డబ్బా పగిలింది. కొక్కేలు వదల్లేదు.
వరుసంతా పాములాగ వంగి, నిలబడింది.
మద్దిలేటి నిలువునా తడిసి లేచి కూర్చుని
వాన పడిందా అన్నా, అన్నాడు.

ఇప్పుడు డబ్బాలు నలభై ఒకటి.
చివరిది మలుపు దాటినాక, కల్వర్టు పక్కన,
ఏ కొక్కేనికీ తగలకుండా ఒంటిగా ఉంటుంది.
దాని నీళ్లు నా జీతంలోంచి.

తనిఖీకొచ్చిన సారు రెండుసార్లు లెక్కపెట్టాడు.
"నలభై కదా?"
"స్పేర్ సార్."
రాసుకున్నాడు.
దాని చుట్టూ అన్ని మేకపెంటికలెందుకున్నాయో
అడగలేదు.
బూటు మాత్రం
కొత్త తారు అంచుకు రుద్దుకుని
జీపెక్కాడు.