పలక మట్టి

నేను నీళ్ల ట్యాంకరు తోలేవాణ్ని.
మార్కాపురంలో పలకల షెడ్ల వెనక వీధి
నాలుగు రోజులకోసారి నా వంతు.
ఇంటికి ఆరు బిందెలు, లెక్క.

ఆ వీధి చివర దూదేకుల కాశింబీ ఇల్లు.
ఇంటెనక అయిదు సెంట్ల రాతిపొట్టు,
ముప్పై ఏళ్లు పలకలు కోసి, అంచులు చెక్కి
తన చేతులతో తనే పారబోసిన ముక్కలు.
ప్లాస్టిక్ పలకలొచ్చి షెడ్డు మూతేస్తే
బాకీ జీతం కింద ఆ దిబ్బే ఇచ్చారంట.
గడ్డపార వేస్తే ఖంగుమనేది.
ట్యాంకరు ఇంజను మోతలోనూ వినపడేది నాకు.

కృత్తికలో ఒక్క జల్లు పడింది, దుమ్ము అణిగేంత.
ఆ పూటే చల్లిందంట,
కంభం సంతలో తెచ్చిన జనుము, పిల్లిపెసర, అలసంద,
డబ్బాలో పురుగు తినగా మిగిలిన ఉలవలు,
పేడా బూడిదా కలిపి ఉండలు చుట్టి.
రెండో ట్యాంకరుకి ఏమీ లేదు.
మూడో ట్యాంకరుకి
నాలుగు రోజుల గడ్డంలా పచ్చగా.

నాకు మండింది.
గుండ్లకమ్మ అవతల బోరు దగ్గర
రాత్రి రెండింటికి వరసలో నిలబడి తెచ్చే నీళ్లు
గడ్డికి పోస్తదా!
"ఏం తింటావు మే దీన్ని?" అన్నా.
"నేను తినేది కాదులే, మన్ను తినేది."
పెరట్లోకి పిలిచి చూపించింది.
బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు,
మనవడు ఒళ్లు రుద్దుకున్న నీళ్లు
అన్నీ ఒక్క పగిలిన గోళెంలోకి.
గోళేనికి చిల్లి. చిల్లికి గుడ్డపీలిక.
పీలిక చివర తోట.
నేను మారు మాట్లాడలేదు.

రోహిణి వచ్చింది.
తడి తువ్వాలు చుట్టందే స్టీరింగు పట్టలేం.
ఆరో ట్యాంకరు నాడు
చెప్పులు విడిచి ఆ పచ్చ కింద కాలు పెట్టమంది.
బొబ్బలెక్కే వీధికి పది అడుగుల్లో
సద్దికుండ అడుగులా చల్లగా నేల.
ఒక జనుము మొక్క పీకి వేళ్లు చూపించింది,
ఆవగింజలంత బుడిపెలు.
గోటితో చిదిమితే లోపల ఎరుపు.
"పని జరుగుతా ఉంది" అంది,
అచ్చం షెడ్డు మేస్త్రీ గొంతుతో.

సుబ్బరత్నం మేకలు రెండుసార్లు దూరాయి.
రెండుసార్లూ తిట్లు వీధి మొదలుదాకా వినపడ్డాయి.

పదకొండో ట్యాంకరుకి జనుము పూసింది.
ఆ పసుపు ఏం చెప్పను.
బూడిదరంగు గోడలు, బూడిదరంగు కుక్కలు,
పలకపొడి దగ్గుతో పోయిన ఆమె మొగుడి
ఫొటో కూడా బూడిదరంగే ఆ వీధిలో.
హారన్ కొట్టడం మరిచిపోయి నిలబడ్డా.
ఇంటికి పోయి నా పెళ్లానికి చెప్పా,
ఈసారి నిన్ను తీసుకుపోతానని.

పన్నెండో ట్యాంకరులో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చా.
తోట లేదు.
అంతా నేలకొరిగి ఉంది,
పసుపు మీద పసుపు వాడిపోతా.
మనవడూ తనూ కలిసి తొక్కుతా ఉన్నారు.
"కొయ్యడానికి చేతులెట్లా ఆడాయమ్మా?"
అంది నా పెళ్లాం.
కాశింబీ తొక్కడం ఆపలేదు.
"గింజ పట్టిందాకా ఉంచితే బలమంతా గింజకే పోద్ది.
పలక మీద అక్షరం చెరపకపోతే
రెండో అక్షరం యాడ దిద్దుతారు తల్లీ?"

ఆ ఏడు పెద్ద కాపేం కాదు.
రెండు గంపల వంకాయలు, సగం పుచ్చులు.
సుబ్బరత్నం నవ్వింది. కాశింబీ కూడా నవ్వింది.
మళ్లీ వేసవికి అదే జల్లు, అవే గింజలు.

మూడో ఏడు ఒకనాడు బిందెలు పడతా ఉంటే
ఏదో తక్కువైనట్టు అనిపించింది.
చాలాసేపటికి గాని తెలియలేదు,
పెరట్లో గడ్డపార దిగుతోంది, చప్పుడు లేదు.

పోయి చూశా.
పలకముక్క ఒకటి లేపి ఉంది ఆమె చేతిలో.
కింద చెమ్మ. చెమ్మలో వానపాము,
ఎవరో నిద్ర లేపినట్టు మెలి తిరుగుతా.
"ఎండ తగులుద్ది" అని
ముక్కను మళ్లీ దాని మీద కప్పింది,
తలుపు దగ్గరకేసినట్టు.

ఆ రోజు ఏడో బిందె పట్టా.
లెక్కలో రాయలేదు.