అద్దం వీపు

అరెకిపాలో తెల్లారగట్ల నాలుగింటికి
ట్రక్కు తొట్టిలో క్యాబిన్‌కి నా వీపు ఆనించి
మోకాళ్ల మీద నిలువుటద్దం నిలబెట్టింది సతుర్నీనా.
"దాని మొహం వెనక్కి తిప్పి పట్టుకో.
ఎండ అందులో పడి నా కళ్లలోకి కొట్టిందా,
మనందరి లెక్కా కింద నది చూసుకుంటుంది.
పగిలితే కూలి లేదు.
పగలకపోతే ముప్ఫై సోల్‌లు, ఒక పూట సూపు."

ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఫొటోలు తీసుకునే దారి.
నేను మాత్రం ఒక చెక్కపలకని చూస్తూ వెళ్లాను.

పలక మీద రెండు మేకులు, దుకాణం ముద్ర,
పెసరగింజంత కణుపు.
పన్నెండు గంటలు.
ఆ కణుపుకి నేనిప్పుడు దగ్గరి చుట్టాన్ని.

పలక పక్కన అరచెయ్యంత సందు.
అందులో రెండు మొహాలు పట్టేవి:
నీలం రంగు డబ్బా పాదాల మధ్య ఇరికించుకున్న అగ్రిపీనో తాత,
కొత్త బడిబూట్లు ఒళ్లో పెట్టుకున్న యెసికా.
తొమ్మిదేళ్ల పిల్ల. అద్దంలోంచి కళ్లు తీస్తే ఒట్టు.
దాని నోరే నాకు కిటికీ.

"వరిచేలు. పోయాయి."
"కుక్క తరుముకొస్తోంది. చిన్నదైంది. చుక్కయింది."
"ఇప్పుడేం లేదు, దుమ్మే."
తర్వాత చాలాసేపు పలకలేదు.
ఏమైందే, అన్నాను.
"రోడ్డు మన కిందనుంచి ఊడొస్తోంది," అంది,
"ఉండలోంచి దారంలాగ."

చుకిబాంబ దాటాక చలి
ఒక్కో ఎముకనీ పేరుపెట్టి పిలిచింది.
తాత మూడు కోకా ఆకులు ఎంచి నా నోట్లో పెట్టాడు,
నా చేతులు ఖాళీ లేవు మరి.
కోరొపూన వచ్చిందని ఎవరూ చెప్పలేదు.
తాత టోపీ తీశాడు.
అద్దం మీంచి తెల్లటి వెలుగు దూకి
ఆయన మొహం మీద పడింది.
ఎడమ చెంప మీద పాతగాటు ఒకటి
అప్పటిదాకా నాకు కనపడనే లేదు.
ఎంత మంచు ఉంటే అంత వెలుగు!
ఆ గాటుని బట్టి కొండని కొలుచుకున్నాను.

కనుమ మీద రాళ్లగుట్ట దగ్గర బండి ఆపి
సతుర్నీనా తలా ఒక రాయి పేర్చింది.
నా పేరిట కూడా ఒకటి పెట్టిందట,
చిన్నది, కూలీకి తగ్గట్టు.

ఇక దిగుడు.
మలుపు మలుపుకీ లోయ అద్దంలోకి రాబోయి
చోటు చాలక వెనక్కి పోతోందంది యెసికా.
మధ్యలో ఒకసారి అంచు మీంచి వంగి వాంతి చేసుకుంది,
అదే అద్దంలో మూతి చూసుకుని తుడుచుకుంది.
"కాండోర్ కనపడిందా?"
"లేదు. ప్లాస్టిక్ సంచి ఎగురుతోంది. చాలా పైన."

ఎదురు బస్సుకి దారివ్వాలని
బండి వెనక్కి, ఇంకాస్త వెనక్కి.
చక్రం కిందనుంచి ఒక గులకరాయి జారింది.
అది పడ్డ చప్పుడు కోసం ముగ్గురం
ఊపిరి బిగబట్టాం.
రాలేదు.
సతుర్నీనా గేరు మార్చింది.
అప్పుడు చూసుకున్నాను,
పలకని ఎంత గట్టిగా వాటేసుకున్నానో
మేకు నా గడ్డంలో దిగింది.

కొతావాసిలో పిల్ల దిగిపోయింది,
బూట్లు చేత్తో పట్టుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా.
తాత ఎక్కడ దిగాడో, నిద్రలో ఉన్నాను కాబోలు.
అల్కా చేరేసరికి దీపాలు పెట్టారు.

దర్జీ ఎర్మెలిందా దాన్ని గోడకి ఆనించి
లంగా చెంగుతో ఒక్కసారి తుడిచింది.
తొంగి చూశాను.
మంచుకొండ, కుక్క, ఆ తెల్లటి వెలుగు,
ఒక్కటంటే ఒక్కటి దాచుకోలేదు.
దుమ్ముకొట్టుకుపోయిన నేను,
గడ్డం మీద ఎండిన రక్తం,
పెసరగింజంత.

సూపులో ఉప్పెక్కువైంది.
మూల గీత పడిందని ఇరవై ఎనిమిదే ఇచ్చింది సతుర్నీనా.
పొద్దున్నే తిరుగు ప్రయాణం, ఉత్త చేతుల్తో.
తొట్టిలో ఎటు తిరిగి కూచోవాలో
ఇంకా తేలలేదు.