ఒక ఖాళీ బైటు

పాలకొల్లులో మోటార్లు చుట్టే షాపు మీద
రేకుల గది మాది.
కింద రాగితీగ కాలిన వాసన.
పైన నేనూ రత్నకుమారీ, రెండు కంప్యూటర్లు,
కరెంటు పోతే నాలుగు గంటలొచ్చే బ్యాటరీ.
రొయ్యల చెరువులో ప్రాణవాయువు ఎంతుందో
నిమిషానికోసారి చెప్పే పెట్టెలు చేస్తాం.

చిప్పు మారితే కంపైలర్ మారుతుంది.
కంపైలర్ మారితే యాస మారుతుంది.
ఒకడికి ముందూ వెనకా అండర్‌స్కోర్లు పెట్టి
రెండు జతల బ్రాకెట్లలో మర్యాదగా చెప్పాలి.
ఇంకొకడికి ముందు ఒక్క మాట చాలు.
మరొకడు ప్రాగ్మా అంటేగానీ పలకడు.
చెప్పేది మాత్రం ఒకటే:
మధ్యన ఖాళీ వదలకు, సర్దుకుని కూర్చో.

అందుకే ఒక హెడర్ ఫైలు రాశాను.
అందరికీ ఒకే మాక్రో, పేరు బిగువు.
ముందు "నువ్వెవరివి?" అని అడుగుతుంది,
జవాబును బట్టి వాడి యాసలోకి మారుతుంది.
మిగతా కోడుకి ఆ గొడవే తెలియదు.
చివర్లో, ఎవరో తెలియనివాడొస్తే?
ఏమీ లేని నిర్వచనం ఇచ్చాను.
అప్పట్లో ఆ ఖాళీ
నాకెంతో నాగరికంగా తోచింది.

శ్రావణంలో, మబ్బు పట్టి గాలాడని రాత్రి.
యలమంచిలి అవతల, ఏసుపాదం కాపలా ఉన్న చెరువుకి
చవగ్గా దొరికిన కొత్త చిప్పు పెట్టి పంపాం.
దాని కంపైలర్ నా జాబితాలో లేదు.
ఖాళీ తీసుకుంది.
ఒక్క హెచ్చరికా లేకుండా
అంతా బాగుందని ముగించింది.

చెరువు నంబరు ఒక బైటు.
దాని పక్కన ప్రాణవాయువు, రెండు బైట్లు.
కొత్తవాడు తన సౌకర్యానికి
వాటి మధ్య ఒక ఖాళీ బైటు వేసుకున్నాడు,
బస్సులో పక్క సీటు మీద తువ్వాలు వేసినట్టు.
నీళ్ళలో ఉన్నది రెండు పాయింట్ ఎనిమిది.
గట్టు మీది ప్యానెల్ చదువుకున్నది అరవై ఒకటి.
అరవై ఒకటి!
ఏ గోదావరిలో ఉంటుంది అంత ఊపిరి?
నాలుగు దాటితే చాలనుకునే ప్యానెల్
ఏరేటర్లని నిశ్చింతగా పడుకోబెట్టింది.

మూడున్నరకి ఫోను.
"రొయ్య పైకొచ్చేసిందండి. అంచులెంట గుంపు కట్టేసింది.
మీ పెట్టేమో పచ్చలైటు ఏసుకుని కూకుందండి."
ఆయనే పరిగెత్తి చేత్తో స్విచ్చులు వేశాడు.
సగం దక్కింది.
సగం అనేది నా మాట.
ఆయన బుట్టల్లో చెప్పాడు.

తెల్లారి షాపు ముందు టీ తాగుతూ
నూకరాజు గారు విన్నాడు.
లాకు దగ్గర లస్కరుగా చేసి రిటైరైన మనిషి.
సీ భాష తెలియదు.
"మాకూ వచ్చేవమ్మా, తెలీని పడవలు.
జెండా ఊపకపోతే పోయేదేముంది, పోనిచ్చేవాణ్ణి.
ఎంత లోతు మునుగుతుందో చెప్పకపోతే మాత్రం
తలుపు తీసేవాణ్ణి కాదు,
కాలవంతా ఇనపడేలా అరిచేవాణ్ణి.
అక్కడ ఊరుకోడం మర్యాద కాదు."
గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

పైకెళ్ళి హెడర్ తెరిచాను.
ఇది వాడకపోయినా ఫరవాలేదు,
ఈ దారి అరుదు,
ఇటు వెళ్ళినవాడు తిరిగి రాడు...
ఇవన్నీ సూచనలు. అర్థం కాకపోతే ఖాళీ పట్టుకుపో, బాబూ.
కాస్త నెమ్మదిస్తావు, కాస్త సణుగుతావు.
బిగువు సూచన కాదు. మాట.
దాని కింద ఉన్న ఖాళీని చెరిపి
ఎర్రర్ అని రాసి, పక్కన తెలుగులోనే పెట్టాను:
"పేరు చెప్పనిదే లాకు తెరవం."
ఇంకో వరసలో కొలత:
మూడు బైట్లు. నాలుగైతే ఆగిపో.

రత్నకుమారి కొత్త చిప్పుకి కంపైల్ చేసింది.
ఆగిపోయింది.
తెరనిండా ఎర్ర అక్షరాలు.
ఆ రోజుకి మేం మొదటిసారి నవ్వింది అప్పుడే.

సాయంత్రం యలమంచిలి వెళ్ళాలి.
ఏసుపాదానికి ఏ మాటల్లో చెప్పాలో
ఇంకా రాసుకోలేదు.
కింద ఎవరో మోటారుకి తీగ చుడుతున్నారు,
పైకే లెక్కపెడుతూ,
నలభై మూడు, నలభై నాలుగు,
ఒక చుట్టు అనుమానమొచ్చినట్టుంది,
విప్పి, మళ్ళీ ఒకటి.