అరవై రెండు గళ్ళు

అరవై రెండు గళ్ళు ఖాళీ.
అరవై మూడో గడిలో నాకొక్క దెబ్బ.
ఇత్తడి తాళాలు ఒళ్ళో పెట్టుకుని
బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
నేను చేసిన సంగీతమంతా లెక్కపెట్టడమే.

"ఏందిరా, నిద్దరా?" అని అడగడు జకరయ్య మాస్టారు.
కుడిచేత్తో ఫిడేళ్ళని బుజ్జగిస్తూనే
ఎడమ కనుబొమ్మ నా వైపు రవ్వంత లేపుతాడు.
సిగ్నల్ పడ్డట్టే.

కండక్టర్ అని చెబితే
కావలి బస్టాండులో ఏ డిపో అనేవాళ్ళు.
ఆయనేం తగ్గేవాడు కాదు.
"టికెట్లు కొట్టను నాయనా,
పద్నాలుగు మందిని ఒకే స్టాపులో దించతా."

అంతకు ముందు ఫైర్‌మ్యాన్.
బొగ్గు పార మోసిన భుజం.
ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన
ఆస్ట్రేలియా పోతా పోతా
చెదలు తినగా మిగిలిన స్కోర్ల పెట్టె ఇచ్చాడు.
పుల్ల మాత్రం ఇవ్వలేదు.
ఎవరిది వాళ్ళే చెక్కుకోవాలట.
మాస్టారు చిరిగిన పచ్చజెండా కర్రని
సీసా పెంకుతో వారం రోజులు గీకాడు.

సెల్లోకి మద్రాసు నుంచి ప్యాసింజర్లో ఫుల్ టికెట్ తీశాం.
సుందరేశంగారు మఠం వేసుకోందే ఫిడేలు ముట్టరు,
సరే, కుర్చీ మీదే మఠం.
మస్తానూ కాలేషా పెళ్ళిబ్యాండు వాళ్ళు,
ముహూర్తాల రోజుల్లో మాకు క్లారినెట్లు లేవు.
"ఉండాయనుకుని వాయించండబ్బా" అనేవాడు,
వాళ్ళ వంతు వచ్చినప్పుడు
ఆ రెండు కుర్చీలకీ చెయ్యి చూపించేవాడు,
అవి సరిగ్గా ఎత్తుకున్నట్టు తలూపేవాడు.

మధ్యలో మద్రాసు సినిమా ఆర్కెస్ట్రాలో ఎనిమిది నెలలు.
చెవుల్లో టిక్కు టిక్కు పెట్టారంట అందరికీ.
"గడియారం ఉండాక నేనెందుకు?"
చార్మినార్ పెట్టె మీద జీతం లెక్క రాసుకుని వచ్చేశాడు.

ఆయన రాసిన ఒపేరా ఒకటే.
ఆ మాటకి ఊళ్ళో నోరు తిరగదని
నోటీసులో పాటల నాటకం అని వేయించాం.
పెన్న పొంగిన రాత్రి
పాయింట్స్‌మ్యాన్ పెళ్ళాం బండిని ఆపడం కథ.
రైల్వే ఆస్పత్రి నర్సు సలోమమ్మ పాడింది,
డ్యూటీ చీర మీదే.

రెండో అంకంలో గాలివాన, కరెంటు పోయింది.
ఒక గడి. రెండు గళ్ళు.
చేతులు గుర్తున్నంత మేర వాయించాయి,
తర్వాత ఒక్కో ఫిడేలూ జారిపోతోంది.
అప్పుడు వెలిగింది గార్డు లాంతరు
ఆయన కుడిచేతిలో.

ఎర్రద్దం తిప్పితే మెల్లగా.
పచ్చద్దం తిప్పితే కదలండి.
వెనక బెంచీల గ్యాంగ్‌మెన్‌లకి
ఆ భాష మాకన్నా బాగా వచ్చు.
ఎర్ర పడ్డప్పుడల్లా హాలు మొత్తం
బ్రేకు వేసినట్టు ఊపిరి బిగబట్టింది.

నేను లెక్క తప్పాను.
యాభై ఎనిమిదో, అరవయ్యో.
ఎవర్ని అడగను ఆ చీకట్లో?
లాంతరు తెల్లగా తిరిగి
సూటిగా నా మొహం మీద పడింది.
కొట్టాను.
సలోమమ్మ గొంతు ఆ మోత మీంచి లేచింది,
నీళ్ళ మీంచి లేచినట్టు.

ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు మూశారు.
ట్రాన్స్‌ఫర్లు వాద్యాల వారీగా వచ్చాయనిపించింది,
ఫిడేళ్ళు గూడూరుకి, బూరలు బెజవాడకి.
సెల్లో ఎవరింట్లో ఉందో ఇప్పటికీ తగువే.
మాస్టారు కావలిలో పెళ్ళిబ్యాండు ముందు నడిచాడు కొన్నేళ్ళు,
పుల్ల జేబులోనే ఉంచుకుని
ఒట్టి కనుబొమ్మతో.

నేనిప్పుడు గేటు దగ్గర
గూడ్సు పెట్టెలు లెక్కపెడతాను.
యాభై తొమ్మిదితో అయిపోయింది ఇవాళ.
గేటు లేచింది, వెనక స్కూటర్లు గోల చేస్తున్నాయి.
"బండి పోయింది గదయ్యా, దాటవేంది?"

ఇంకా మూడున్నాయి.