మైనస్ ముప్పైలో బ్యాటరీ

బ్యాటరీని చంకలో దాచుకుంటుంది నొమిందారి,
గుడ్డు పొదిగినట్టు.
ఉలాన్‌బాతర్ చలికి
బయట పెడితే రెండు షాట్లకే చస్తుంది.

శనివారాల క్లాసు, బడి బాయిలర్ గదిలో.
ఎనిమిది మందికి ఒకటే కెమెరా.
డైరెక్టరెవరో చీటీలేసి తేల్చారు.
నాకు దక్కింది తుడుపుకర్రకి కట్టిన మైకు.
నా పని నోరు మూసుకోవడం.
హెడ్‌ఫోన్లలో డేరాల పేట మొత్తం దగ్గుతుంది,
నీళ్ళ కొట్టు ముందు క్యాన్ల బళ్ళు
మంచుమీద కీచుమంటాయి.

మొదటి రోజు "యాక్షన్!" అని అరిచింది.
ఎవరూ కదల్లేదు.
సెరెన్‌ఖాండ్ అవ్వ మాత్రం అంది:
"ముందు నా వెనక నిలబడవే, వరసలో."
నిలబడింది. గంటన్నర.
ఆ రోజు కెమెరా సంచీలోంచి తీయలేదు.
మర్నాడు అవ్వే అడిగింది, ఎప్పుడు తీస్తావని.

ఎడిటింగ్‌లో కొట్లాడుకున్నాం.
బొగ్గుపొగలో సూర్యుడు ఎర్రగా, అందంగా ఉన్నాడు,
ఉంచుదామన్నాను.
"అందంగా ఉన్నాడు, అందుకే వద్దు"
కోసేసింది.
ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

జిల్లా కార్యాలయం గోడమీద బొమ్మ పడింది.
నాలుగో నిమిషానికి అధికారి వాచీ చూసుకున్నాడు.
"ఇంకా ఎంతసేపు?"
నొమిందారి లేచింది. గొంతు వణికింది, ఆగలేదు:
"మీ కోసం కుదించామండీ.
అసలుది గంటన్నర."

కొట్టు వేళలు మారతాయో లేదో,
కాగితం మీద మాత్రం రాసుకున్నారు.
నా దగ్గరున్నది ఆ గది నిశ్శబ్దం,
పదకొండు సెకన్లు.
మధ్యలో ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది.
చివర్న, వెనక వరసలో,
అవ్వ దగ్గు.